రిథిన్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి చెస్టర్‌లో ఉంటాడు. ఈ వేసవిలో వెళ్తున్నాం. దగ్గర్లోని వేల్స్ ఊరు రిథిన్‌లో పాత కట్టడాలు చూడటానికి ఒక్కరోజు చాలా? మావారికి మోకాళ్ల నొప్పులు.

జవాబు: చాలమ్మా. రైలు లేదు, కారులో వెళ్లండి. సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో దిగి తలెత్తితే మిడిల్టన్ ఆర్మ్స్ అనే పాత సత్రం పైకప్పులో ఏడు కిటికీలు కనిపిస్తాయి. 'రిథిన్ కళ్లు' అంటారు. అదే కూడలిలో నలుపు తెలుపుల పాత కోర్టు ఉంది. చూరు కింద బయటికి పొడుచుకొచ్చిన దూలం ముక్క ఒకప్పటి ఉరికొయ్యలో మిగిలిన భాగం. నాకైతే ఊరంతటికీ అదే అసలైన వింత. 1400 సెప్టెంబరులో ఇంగ్లిష్ పాలనపై తిరగబడ్డ వేల్స్ నాయకుడు ఓవైన్ గ్లిన్‌దూర్ ఊరిని తగలబెడితే, 1401కల్లా కోర్టు లేచింది. పాలకులకు ఎంత టెన్షన్ పట్టుకుందో మరి!

క్యాజిల్ స్ట్రీట్‌లోని నాంట్‌క్లూయిడ్ ఇల్లు 1435 నాటి కొయ్యచట్రపు కట్టడం. ఒక్కో గది ఒక్కో కాలానికి తగ్గట్టు అమర్చారు. రోజూ తెరవరు, ముందే కనుక్కోండి. లోపల మెట్లున్నాయి కాబట్టి మీవారిని వెనక తోటలో కూర్చోబెట్టి మీరు చూసిరండి.

1916లో మూతపడ్డ జైలు క్లూయిడ్ స్ట్రీట్‌లో దిగువన ఉంది. తిరుగు దారి ఎక్కుడు, అక్కడికి మాత్రం నడవొద్దు.