బంకమన్ను మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరంలో ఉంది. సేంద్రియ సమ్మేళనాలు చేర్చిన బంకమన్ను ఖనిజాల ఉష్ణ విశ్లేషణపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. మట్టిని వేడిచేసి చూసే చదువుకు భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ చుట్టుపక్కల చమురు బావులు తవ్వేవారికి ఈ మట్టి కొత్తది కాదండీ. మామూలు బెంటొనైట్ అనే బంకమన్ను నీటిలో ఉబ్బుతుంది గాని నూనెలో కలవదు. దాని పొరల మధ్యనున్న సోడియం అయాన్లను తప్పించి, పొడవాటి కార్బన్ గొలుసులున్న అమోనియం అయాన్లను చేరిస్తే నూనెలో ఇమిడిపోయి, నూనె ఆధారిత డ్రిల్లింగ్ మడ్‌కు (బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే ద్రవానికి) చిక్కదనాన్నిస్తుంది. దీన్నే నైలాన్‌లో కలిపి గట్టిపరచాలంటే చిక్కు వస్తుంది: నైలాన్-6 కరగడానికి సుమారు 220 డిగ్రీల సెల్సియస్ కావాలి, ఈ అమోనియం సమ్మేళనాలేమో 200 డిగ్రీల ప్రాంతంలోనే విడిపోవడం మొదలుపెడతాయి. ఏ మట్టి ఎంత వేడికి నిలుస్తుందో తేల్చేది ఉష్ణ విశ్లేషణే.

పది మిల్లీగ్రాముల పొడిని చిన్న క్రూసిబుల్‌లో పెట్టి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తూ బరువు తగ్గుదలను నమోదు చేయడమే టీజీఏ (థర్మోగ్రావిమెట్రిక్ అనాలిసిస్). బెంటొనైట్‌లోని ముఖ్య ఖనిజమైన మాంట్‌మొరిల్లొనైట్‌కు సేంద్రియ భాగం చేర్చి ఉంటే దాదాపు 150 డిగ్రీల లోపు తేమ పోతుంది, 200–500 మధ్య సేంద్రియ భాగం విడిపోతుంది, 600 దాటాక ఖనిజంలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీరుగా బయటికొస్తాయి. అదే నమూనాను గాలికి బదులు నైట్రోజన్‌లో వేడిచేస్తే కొంత కార్బన్ బొగ్గులా మిగిలిపోయి, గ్రాఫు రూపమే మారిపోతుంది. ఈ తేడాకు కారణం చెప్పగలిగినవారే పరిశోధకులు. బటన్ నొక్కి గ్రాఫు తీయడం వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు.

‘క్లే సైంటిస్టు’ పేరుతో వెలువడే ప్రకటనలు మన దేశంలో తక్కువే. అయితే టీజీఏ, డీఎస్‌సీ (వేడిచేసేటప్పుడు పదార్థం పీల్చే, వదిలే ఉష్ణాన్ని కొలిచే డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ) పరిజ్ఞానం పాలిమర్, సిమెంట్ పరిశ్రమల్లోనూ, ఒకే మందు వేర్వేరు స్ఫటిక రూపాలను గుర్తించవలసిన హైదరాబాద్ ఫార్మా ప్రయోగశాలల్లోనూ పనికొస్తుంది. సీఎస్‌ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ వస్తుంది కనుక, అమ్మాయి ముందుగా దానికి కూర్చోవడం మేలు. తర్వాత తిరువనంతపురంలోని ఎన్ఐఐఎస్‌టీ, కోల్‌కతాలోని సీజీసీఆర్ఐ (గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ) వంటి సీఎస్‌ఐఆర్ సంస్థలనూ పరిశీలించవచ్చు.

చేరేముందు గైడుగారిని ఒక్క మాట అడగమనండి: యంత్రం ఆ ల్యాబ్‌లోనే ఉందా, లేక నమూనాలు బయటికి పంపి గ్రాఫులు తెప్పించుకుంటున్నారా? రెండోదే అయితే నేను తొందరపడవద్దంటాను.