ఇంట్లో చదివే పిల్లలకు ఏ గణిత పుస్తకం?

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు, బాబుకు 6 ఏళ్లు. ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాను. గణితానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చాలునా, సింగపూర్ పద్ధతి పుస్తకాలు తెప్పించాలా? పాప తీసివేతలు చేస్తుంది కానీ ‘అప్పు’ ఎందుకు తెచ్చుకోవాలో చెప్పలేకపోతోంది.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చివరి వాక్యం. అప్పు ఎందుకో తెలియకుండా లెక్క చేసే పిల్లకు ఏ పుస్తకం తెచ్చినా, భిన్నాల దగ్గరకు వచ్చేసరికి అలాంటి చిక్కే మళ్లీ ఎదురవుతుంది. అందుచేత ముందుగా చింతగింజలను పదేసి చొప్పున చిన్న సంచుల్లో కట్టి, 5 సంచులూ 2 విడిగింజలూ పాప ముందు పెట్టి, వాటిలోంచి 27 తీయమనండి. విడిగింజలు చాలక ఒక సంచి ముడి విప్పినప్పుడు అప్పు అంటే ఏమిటో తన చేతికే తెలుస్తుంది. ముందు వస్తువు, తరువాత బొమ్మ, ఆ పైన అంకె అనే ఈ క్రమమే సింగపూర్ పద్ధతికి ప్రాణం కనుక, దానిని మీరు పాటించగలిగితే ఖరీదైన పుస్తకాలు అక్కరలేదని నా గట్టి అభిప్రాయం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అభ్యాసం కోసం రోజూ ఐదారు లెక్కలు మీరే అదనంగా రాసి ఇవ్వండి.

పరీక్షల విషయానికి వస్తే, బడికి వెళ్లని పిల్లలు కూడా పరీక్షలు రాయగల జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ప్రాథమిక విద్యలోని ఏ, బీ, సీ స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతి స్థాయికి కనీస వయస్సు 14 ఏళ్లు కాబట్టి తొందరపడనవసరం లేదు.

బాబుకు ఇప్పుడే పుస్తకం వద్దు. రైతుబజారుకు వెంట తీసుకువెళ్లి, చిల్లరను బాబు చేతనే లెక్కపెట్టించండి.