ఉద్యోగం మానేసి కోడింగ్ బూట్‌క్యాంప్‌లో చేరాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 33. తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. 14 వారాల ఫుల్‌టైమ్ బూట్‌క్యాంప్‌లో (తక్కువ వారాల్లో కోడింగ్ నేర్పే శిక్షణలో) చేరి సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా మారాలనుంది. కోడింగ్ ఇంతవరకు చేయలేదు. రాజీనామా ఇచ్చేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు ఎనిమిది వారాలు ఉద్యోగం చేసుకుంటూనే రోజుకు గంటన్నర కేటాయించండి. మొత్తం 84 గంటలవుతుంది. ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్, హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి సీఎస్50, మూడూ ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో ఒక్కటే పట్టుకోండి. మూడింటిలోనూ మొదటి నాలుగు పాఠాలు చేసి ఆగితే ఏదీ రాదు. వీడియో చూసిన సమయాన్ని ఈ గంటల్లో కలపకండి. కీబోర్డు మీద చేతులున్న సమయమే లెక్క.

ఎనిమిదో వారం చివర మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. ఖర్చుల పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టి దాచిన పట్టిక) చదివి, నెలవారీగా, పద్దువారీగా మొత్తాలు వేసే ప్రోగ్రామ్ రాయండి. తేదీ లేని వరుసలను, అంకె ఉండాల్సిన చోట ఖాళీ ఉన్న వరుసలను అది విడిగా చూపాలి. మీకు కొట్టిన పిండి లాంటి పని కాబట్టి లెక్క తప్పితే ఇట్టే తెలిసిపోతుంది. తప్పుతుంది కూడా. వరుసను కామాల దగ్గర ముక్కలు చేస్తే, కొటేషన్లలో ఉన్న "1,200" రెండు గడులుగా విడిపోతుంది. ఫైలు నుంచి వచ్చేవన్నీ అంకెల్లా కనిపించే అక్షరాలే కాబట్టి జావాస్క్రిప్ట్ భాషలో "100"కి "50" కలిపితే 150 రాదు, "10050" వస్తుంది. "1,200"ని అక్షరాలను అంకెగా మార్చే పార్స్‌ఫ్లోట్‌కి ఇస్తే కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది, ఎర్రర్ కూడా చూపించదు. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి రెండు గంటలు పట్టినా ఫర్వాలేదు. ఆ రెండు గంటలూ మీకు ఎలా గడిచాయో గమనించుకోండి. డెవలపర్ రోజులో పెద్ద భాగం ఆ వెతుకులాటే. అది ప్రాణం మీదికి వచ్చినట్టు అనిపిస్తే, రాజీనామా ఇవ్వకముందే తెలిసినందుకు మంచిదే.

ఇక డబ్బు. 14 వారాలంటే మూడు నెలల పైచిలుకు. ఆ తర్వాత ఉద్యోగం వెతకడానికి ఆరు నెలలు పెట్టుకోండి. ఫీజు కాకుండా పది నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటే తప్ప ఫుల్‌టైమ్ వైపు వెళ్లకండి. లేకపోతే పార్ట్‌టైమ్ చూడండి, కానీ గంటలు లెక్కకట్టి చూడండి. వారానికి 50 గంటల చొప్పున 14 వారాలంటే 700 గంటలు. వారానికి 18 గంటలు చదివేవారికి అదే సిలబస్ 39 వారాలు పడుతుంది. పార్ట్‌టైమ్‌లోనూ 14 వారాల్లోనే అంతా నేర్పేస్తామంటే ఎక్కడో కోత పెట్టినట్టే. సాధారణంగా ఆ కోత డేటాబేస్, టెస్టింగ్ పాఠాల మీద పడుతుంది.

33 ఏళ్ల వయసు అడ్డంకి కాదు. పైగా బిల్లింగ్, పేరోల్, పన్నుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలకు డెబిట్, క్రెడిట్ తేడా తెలిసిన డెవలపర్ కావాలి. మొదటి దరఖాస్తులు అటే పంపండి.

ప్రశ్న: నేను చూస్తున్న బూట్‌క్యాంప్ "80 శాతం మందికి ఉద్యోగాలు" అంటోంది. నమ్మవచ్చా?

జవాబు: 80 శాతం అంటే ఎంతమందిలో అని అడగండి. ఒక ఊహా లెక్క చూడండి. 100 మంది చేరారు. 20 మంది మధ్యలో మానేశారు. మిగిలిన 80 మందిలో 20 మందిని "ప్రస్తుతం ఉద్యోగం వెతకడం లేదు" అని పక్కన పెట్టారు. మిగిలిన 60 మందిలో 48 మందికి ఏదో ఒక పని దొరికింది. 60కి 48 అంటే 80 శాతం, లెక్క ప్రకారం నిజమే. ఆ 48 మందిలో 8 మందిని ఆ బూట్‌క్యాంపే సహాయ బోధకులుగా పెట్టుకుంది, 10 మంది కోడింగ్‌తో సంబంధం లేని పనుల్లో చేరారు అనుకోండి. అప్పుడు డెవలపర్లయినది 100కి 30 మంది.

ఇది వట్టి అనుమానం కాదు. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల ఆర్థిక రక్షణ విభాగం ఒక పేరున్న బూట్‌క్యాంప్‌పై చర్య తీసుకుంది. ఆరు నెలల్లో 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వస్తున్నాయని ఆ సంస్థ ప్రచారం చేసుకుందని, పెట్టుబడిదారులకు ఇచ్చిన అంతర్గత లెక్కల్లో మాత్రం అది 50 శాతానికి దగ్గరగా, కొన్ని బ్యాచ్‌లలో 30 శాతానికి పడిపోయి ఉందని ఆ విభాగం తేల్చింది.

కాబట్టి గత రెండు బ్యాచ్‌ల వివరాలు రాతపూర్వకంగా అడగండి. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, 180 రోజుల్లోపు ఫుల్‌టైమ్ డెవలపర్ ఉద్యోగం ఎంతమందికి వచ్చింది, వారిలో ముందే ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవారెందరు? ఈ చివరి ప్రశ్న చాలామందికి తోచదు. తర్వాత పూర్వ విద్యార్థులు నలుగురితో మాట్లాడండి. అందులో ఇద్దరిని వాళ్లు చూపించినవాళ్లు కాకుండా మీరే వెతికి పట్టుకోండి.

ప్రశ్న: "ఉద్యోగం వచ్చాకే ఫీజు కట్టండి, జీతంలో 15 శాతం, 24 నెలలు" అంటున్నారు. ఇది మేలేనా?

జవాబు: 15 శాతం చొప్పున 24 నెలలంటే 3.6 నెలల జీతం. ఆ మొత్తాన్ని నేరుగా కట్టే ఫీజుతో పోల్చి చూడండి. తర్వాత ఒప్పందంలో నాలుగు మాటలు వెతకండి. కోతలకు ముందు జీతం మీదా, చేతికొచ్చే జీతం మీదా? నెలకు ఎంత కంటే తక్కువ వస్తే కట్టనక్కర్లేదు? మొత్తం కలిపి గరిష్ఠ పరిమితి ఎంత? డెవలపర్ ఉద్యోగానికే వర్తిస్తుందా, ఏ ఉద్యోగం చేసినా కట్టాలా? నాలుగోదానికి "ఏ ఉద్యోగమైనా" అని ఉంటే మీరు పాత పనికి తిరిగి వెళ్లినా కట్టాల్సిందే. మధ్యలో మానేస్తే ఏమవుతుందో కూడా చదవండి. పేరు ఏం పెట్టినా ఇది అప్పే, అప్పు పత్రం మీద సంతకం పెడుతున్నట్టే చూసుకోండి.

ప్రశ్న: బూట్‌క్యాంప్‌లో ఐదో వారం. క్లాసులో అర్థమైనట్టే ఉంటుంది, ఒక్కదాన్నే కూర్చుంటే ఏదీ నడవదు. మళ్లీ మొదటి వారం నుంచి మొదలుపెట్టనా?

జవాబు: వద్దమ్మా. మొదటికి వెళితే ఈలోగా ఏడో వారం వచ్చేస్తుంది. మీరు ఏ పాఠంలో ఆగారో చెప్పలేదు కానీ, ఐదో వారానికి ఇలా తడబడే వారిలో ఎక్కువగా కనిపించే ఖాళీలు రెండే.

మొదటిది, అరే (విలువల వరుస) కాపీ అవుతుందనుకోవడం. "బి = ఎ" అని రాస్తే కొత్త అరే పుట్టదు, ఒకే అరేకి రెండు పేర్లు వస్తాయి. ఒకచోట మారిస్తే రెండోచోటా మారుతుంది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీలో, స్టేట్ అనే దాని డేటాలోని అరేకి పుష్‌తో విలువ చేర్చి మళ్లీ అదే అరేని సెట్ చేస్తే స్క్రీన్ మారకపోవడానికి కారణం ఇదే. వస్తువు పాతదే కాబట్టి మార్పేమీ లేదని రియాక్ట్ అనుకుంటుంది. స్ప్రెడ్‌తో (మూడు చుక్కల గుర్తుతో) కొత్త అరే చేసి ఇవ్వాలి.

రెండోది అసింక్, అంటే జవాబు వచ్చేదాకా ఆగాల్సిన పనులు. అవెయిట్ (ఆగమని చెప్పే మాట) మరిచిపోతే డేటాకి బదులు ప్రామిస్ (డేటా తర్వాత ఇస్తానన్న మాట) చేతికొస్తుంది, దానిలోంచి పేరు అడిగితే అన్‌డిఫైన్డ్ అంటుంది. ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ రాసినా ఫర్‌ఈచ్ ఆగదు. దానికి ఫర్-ఆఫ్ లూప్ వాడండి, లేదా మ్యాప్‌తో ప్రామిస్‌లు పోగుచేసి ప్రామిస్.ఆల్‌కి ఇవ్వండి. సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ అయితే 404, 500 లాంటి ఎర్రర్ నంబర్లు వచ్చినా క్యాచ్‌లోకి (తప్పులు పట్టే చోటికి) వెళ్లదు. సర్వర్ నుంచి ఏదో ఒక జవాబు వచ్చింది కాబట్టి దాని దృష్టిలో అది విజయమే. రెస్పాన్స్.ఓకేని మీరే చూసుకోవాలి. ఈ రెండింటి మీదా రెండు రోజుల పాటు పది పది వరుసల చిన్న ప్రోగ్రామ్‌లు రాయండి. రన్ చేసే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాసుకుని, తర్వాత సరిచూసుకోండి. మీ ఊహ తప్పిన చోటే మీకు రాని పాఠం ఉంది.

ఎర్రర్ వస్తే మొదటి వరుస పూర్తిగా చదవండి. కింద ఉన్న జాబితాలో లైబ్రరీ ఫైళ్లను వదిలేసి, పై నుంచి మీరు రాసిన ఫైలు పేరు మొదట కనిపించే చోటికి వెళ్లండి. అక్కడ విలువనూ, దాని టైప్‌నూ రెండింటినీ ప్రింట్ చేయండి. ఒకేసారి ఒక్కటే మార్చండి, నడిచిన ప్రతిసారీ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) కమిట్ చేయండి, అంటే భద్రపరచండి. మూడు గంటలకోసారి కమిట్ చేసేవారికి ఏ మార్పు వల్ల చెడిందో తెలియదు. అరగంట దాటినా తేలకపోతే బోధకులను అడగండి. అడిగేటప్పుడు ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్రర్‌లో ఉన్న మాటలు, మీరు ఇప్పటికే ప్రయత్నించినవి, ఈ నాలుగూ రాసి అడగండి. అవి రాస్తుండగానే సగం సార్లు జవాబు దొరికిపోతుంది.

ప్రశ్న: నర్సుగా చేసి బూట్‌క్యాంప్ పూర్తిచేశాను. నాలుగు నెలల్లో 120 దరఖాస్తులు పంపినా ఒక్క పిలుపూ లేదు. ప్రాజెక్టులుగా ఒక షాపింగ్ సైటు, ఒక వాతావరణ యాప్, ఒక టు-డూ లిస్ట్ ఉన్నాయి.

జవాబు: మీ బ్యాచ్‌లో అందరికీ ఆ మూడే ఉంటాయి. వాటిని పక్కన పెట్టి, మీకు మాత్రమే తెలిసిన పని మీద ఒకటి చేయండి: వార్డు డ్యూటీల రోస్టర్. పైకి చిన్నగా కనిపిస్తుంది కానీ చేతికి నిండా పని పెడుతుంది. రెండు డ్యూటీలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూడాలంటే, మొదటిది మొదలయ్యే సమయం రెండోది ముగిసే సమయానికి ముందు ఉండాలి, రెండోది మొదలయ్యే సమయం మొదటిది ముగిసే సమయానికి ముందు ఉండాలి. రెండూ నిజమైతేనే ఢీకొన్నట్టు. తేదీ లేకుండా గంటలు మాత్రమే దాచుకుంటే రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఉండే నైట్ డ్యూటీ దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. కాబట్టి తేదీ, సమయం రెండూ కలిపి దాచాలి. ఇద్దరు సూపర్‌వైజర్లు ఒకే క్షణంలో ఒకే నర్సుకు డ్యూటీ వేస్తే రెండు రిక్వెస్టులూ మీ తనిఖీ దాటి లోపలికి వచ్చేస్తాయి. అందుకే ఆ నిబంధన కోడ్‌లోనే కాదు, డేటాబేస్‌లో కూడా ఉండాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సమస్య గురించి మీరు పావుగంట మాట్లాడగలరు.

దాన్ని ఎవరైనా తెరిచి చూసేలా నెట్‌లో పెట్టండి. రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) ఏ సమస్య కోసం చేశారో, ఎలా నడపాలో రాయండి. డ్యూటీలు ఢీకొనే లెక్కకు కనీసం ఐదు టెస్టులు రాయండి. పాత ప్రాజెక్టుల్లో ఏపీఐ కీ (బయటి సేవను వాడుకునే రహస్య కోడ్) పొరపాటున గిట్‌లోకి వెళ్లిందేమో చూడండి. ఫైలు తీసేసినా చరిత్రలో అది అలాగే ఉంటుంది. కీని రద్దుచేసి కొత్తది తీసుకోవడమే దారి.

ఇంటర్వ్యూలో అడిగే కోడింగ్ లెక్కలకు రోజుకు గంట చాలు. "ఇచ్చిన మొత్తానికి సరిపోయే రెండు అంకెలు వెతుకు" అన్నదానితో మొదలుపెట్టండి. 10,000 అంకెల్లో ప్రతి జతనూ పోలిస్తే దాదాపు 5 కోట్ల పోలికలు. చూసిన అంకెలను హ్యాష్ మ్యాప్‌లో (వెంటనే వెతకగలిగే పట్టికలో) దాచుకుంటూ పోతే ఒక్కసారి నడిచి వస్తే చాలు, 10,000 అడుగులు. ఈ తేడాను పైకి మాట్లాడుతూ వివరించడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఏఐ కోడ్ రాసిపెడుతుంటే నేర్చుకునేటప్పుడు దాన్ని వాడొచ్చా?

జవాబు: మొదటి ఆరు వారాలు కోడ్ రాయించుకోకండి. మీరు రాసినదాన్ని చూపించి "ఎక్కడ తప్పింది, జవాబు చెప్పకుండా సూచన మాత్రం ఇవ్వు" అని అడగండి. ఆ తర్వాత రాయించుకున్నా, ప్రతి వరుస ఎందుకుందో చెప్పగలిగితేనే కమిట్ చేయండి. వారానికి ఒక రోజు నెట్ ఆపేసి ఒక చిన్న ఫీచర్ మొదటి నుంచి చివరి దాకా మీరే కట్టండి. ఎక్కడ ఆగిపోయారో రాసి పెట్టుకుని, మర్నాడు నెట్ పెట్టగానే ముందు ఆ పాఠమే తీయండి.