మళ్లీ మహమ్మారి వస్తే ప్రభుత్వ యాప్ వేసుకోవాలా?

"రేపు మళ్లీ కరోనా లాంటిదొస్తే ప్రభుత్వ యాప్ వేసుకోవాలా, మన వివరాలన్నీ బయటపడవా" అని అడిగారు. నేనైతే వేసుకుంటాను. యాప్ కంటే నాకు వాట్సాప్ గ్రూపులంటేనే ఎక్కువ టెన్షన్.

మాది కర్నూలు పాతబస్తీ. 2020 ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి పేరు వింటేనే రాష్ట్రమంతా జడుసుకునేది. వీధి మొదట్లో కట్టెలు అడ్డం కట్టేశారు. అప్పుడే మా మామకు పాజిటివ్ వచ్చింది. ఆయనది బటన్ ఫోను, కరోనా సోకినవాళ్ల దగ్గరగా వెళ్లామేమో చెప్పే ప్రభుత్వ యాప్ ఆరోగ్య సేతు అందులో ఎక్కదు. ఒకతను వచ్చి గుమ్మం అవతలే నిలబడి పేరు, వయసు, డోర్ నంబరు, ఫోన్ నంబరు, ఎవరెవరిని కలిశాడో కాగితం మీద రాసుకున్నాడు. పొద్దుగూకేసరికి ఆ వివరాలే పీడీఎఫ్‌గా కాలనీ గ్రూపులో తిరుగుతున్నాయి. ఎవరు పంపారో ఇప్పటికీ తేలలేదు. మర్నాటి నుంచి పాలాయన మా ఇంటివైపు రాలేదు. మామ టైలరు. నెగెటివ్ వచ్చాక కూడా, కుట్టడానికిచ్చిన గుడ్డలు అడిగి మరీ వెనక్కి తీసుకుపోయారు.

యాప్‌లో లోపాల్లేవని కాదు. ఆరోగ్య సేతు బ్లూటూత్‌తో పక్కనున్న ఫోన్లను గుర్తుపెట్టుకోవడమే కాక జీపీఎస్ కూడా వాడింది. ఇలాంటి యాప్‌ల కోసమే గూగుల్, ఆపిల్ తెచ్చిన పద్ధతికి లొకేషన్ అక్కర్లేదు. పైగా యాప్ వచ్చింది ఏప్రిల్ 2న, డేటా ఎన్నాళ్లుంచాలో నిబంధనలు వచ్చింది మే 11న! సింగపూర్ వాళ్లయితే తమ కరోనా యాప్ ట్రేస్‌టుగెదర్ డేటా కరోనా కోసమే అని చెప్పి, 2021 జనవరిలో పోలీసులు కూడా నేర విచారణకు తీసుకోవచ్చని ఒప్పుకున్నారు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. కానీ 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం అంటువ్యాధి వేళ వైద్యసేవల కోసమైతే మన సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చు. కాబట్టి "నేనివ్వను" అని మొండికేస్తే పని జరగదు. ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు తీసేస్తారు అని మాత్రం గట్టిగా అడగండి. ఇంటికొచ్చినవాళ్లు సొంత ఫోనుతో మీ ఆధార్ ఫొటో తీస్తామంటే ఒప్పుకోవద్దు, నంబరు చెప్పి రాసుకోమనండి. లిస్టు ఏ గ్రూపులోనైనా కనిపిస్తే అడ్మిన్‌తో గొడవపడే ముందే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. మా గ్రూపులో అడగ్గానే డిలీట్ కొట్టేశారు, ఫిర్యాదు చేద్దామంటే మా చేతిలో ఆధారమే మిగల్లేదు.