కాలిఫోర్నియాలో హైస్కూలు చదువు: తొమ్మిదో తరగతిలోనే చూసుకోవలసిన ఏ-జీ లెక్క

కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు ముందుగా గ్రహించవలసినది, హైస్కూలు పాసవడం వేరు, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అంటే యూసీకి, అర్హత సంపాదించడం వేరు. రాష్ట్ర కనీస నిబంధన ప్రకారం రెండేళ్ల లెక్కలు, మూడేళ్ల ఇంగ్లీషు చదివినా డిప్లొమాకు సరిపోతుంది. యూసీ మాత్రం ఏ-జీ పేరుతో, అంటే ఏ నుంచి జీ వరకు అక్షరాలతో గుర్తించే ఏడు విభాగాల్లో, ఏడాది పొడవు కోర్సులు 15 అడుగుతుంది. చరిత్ర 2, ఇంగ్లీషు 4, జామెట్రీతో కలిపి లెక్కలు 3, సైన్సు 2, ఇంగ్లీషు కాని భాష 2, కళలు 1, ఎలక్టివ్ (పిల్లలు తామే ఎంచుకునేది) 1. అన్నింటిలోనూ సీ లేదా అంతకన్నా మంచి గ్రేడు రావాలి, పన్నెండో తరగతి మొదలయ్యేలోగా పదకొండు పూర్తి కావాలి.

మన ఇళ్లలో లెక్కలకు, సైన్సుకు లోటు రాదు. చిక్కంతా భాష, కళల దగ్గరే వస్తుంది. ఏపీ, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, క్లాసులకు చోటు కావాలని సంగీతాన్నో చిత్రలేఖనాన్నో ఏటేటా వాయిదా వేసిన పిల్లలు, దరఖాస్తు పెట్టే ఏడాదిలో ఆ ఒక్క కోర్సు కోసం టైంటేబుల్ అంతా మార్చుకోవలసి వస్తుంది. స్పానిష్ వంటి భాషను తొమ్మిదిలోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆరో తరగతిలోనో ఆపైనో రెండేళ్లు తెలుగు మాధ్యమం బడిలో చక్కగా చదివి వచ్చిన పిల్లలకు ఆ చదువుతోనే భాష షరతు తీరుతుంది కనుక, ఆ మార్కుల పత్రాలను జాగ్రత్తగా వెంట తెచ్చుకోండి. తొమ్మిదో తరగతి అక్కడ చదివి ఉంటే, ఆ మార్కులను ఇక్కడి గ్రేడ్లలోకి మార్చకుండా, పత్రంలో ఉన్నవి ఉన్నట్టే దరఖాస్తులో నింపాలి.

జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, లెక్కలోకి తొమ్మిదో తరగతి తర్వాతి వేసవి నుంచి పదకొండో తరగతి తర్వాతి వేసవి వరకు చదివిన ఏ-జీ కోర్సులే వస్తాయి. రాష్ట్రవాసులకు కనీసం 3.0, ఇతరులకు 3.4 ఉండాలి. పేరున్న క్యాంపస్‌లలో సీటుకు ఇది ఎంతమాత్రం చాలదు. ఏపీ, యూసీ గుర్తించిన ఆనర్స్ (మామూలు కన్నా పై స్థాయి) కోర్సులకు వచ్చే అదనపు పాయింటును గరిష్ఠంగా ఎనిమిది సెమిస్టర్లకే కలుపుతారు, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. కాబట్టి ఏపీలను గుట్టలుగా పేర్చి పిల్లల నిద్ర చెడగొట్టడం వల్ల ఈ లెక్కలో ఒరిగేది తక్కువ.

యూసీ వెబ్‌సైటులో ప్రతి హైస్కూలుకూ ఆమోదిత కోర్సుల జాబితా ఉంటుంది. కౌన్సెలర్‌ను కలిసే ముందు మీ బడి జాబితా తెరిచి, మీ అమ్మాయో అబ్బాయో ఎంచుకున్న ప్రతి కోర్సు ఏ విభాగం కింద ఉందో, ఆనర్స్ గుర్తు ఉందో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. బడి క్రెడిట్ ఇచ్చే ప్రతి క్లాసూ ఆ జాబితాలో ఉండాలని లేదు. వేసవిలో డబ్బు కట్టి తీసుకునే ఆన్‌లైన్ కోర్సులను కూడా, ఫీజు కట్టకముందే ఇలాగే సరిచూసుకోవాలి.