ప్రసవం తర్వాత భర్త దగ్గరకు వస్తే భయం వేయడం నాలో లోపమా?

బిడ్డ పుట్టి నాలుగు నెలలైందని, భర్త దగ్గరకు వస్తే ఒళ్లు బిగుసుకుపోతోందని, ఇది మీలోని లోపమేమోనని మీరు అడిగారు. లోపం కాదమ్మా. ఏడేళ్ల క్రితం నేనూ ఇదే స్థితిలో ఉన్నాను కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

బాబుకు ఐదో నెల వచ్చాక పుట్టింటి నుంచి తిరిగి వచ్చాను. పంపేటప్పుడు అమ్మ పథ్యం గురించీ, బిడ్డ నలుగు గురించీ గంటసేపు చెప్పింది గాని, భార్యాభర్తల సంగతి మాత్రం ఎత్తలేదు. మొదటిసారి కలిసినప్పుడు కుట్లు పడిన చోట విపరీతమైన నొప్పి పుట్టింది. వద్దంటే ఆయన నొచ్చుకుంటారని పళ్ల బిగువున ఓర్చుకున్నాను. మర్నాటి నుంచి బాబును ఉయ్యాలలో కాకుండా మా ఇద్దరి మధ్య పడుకోబెట్టడం మొదలుపెట్టాను. పాలకు లేస్తాడన్నది నేను చెప్పిన సాకు. తనంటే నాకు ఇష్టం పోయిందని ఆయన, నా బాధ ఆయనకు పట్టదని నేను, ఎవరికి వారం లోపల అనుకుంటూ నాలుగు నెలలు గడిపాం.

బాబుకు తొమ్మిదో నెల టీకా వేయించిన రోజున అదే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మను కలిశాను. ఆమె పరీక్ష చేసి, కుట్లు మానాయని చెప్పి, బయట కూర్చున్న ఆయనను లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి వివరించారు. పాలిచ్చే తల్లిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. అందువల్ల యోని పొడిబారుతుంది, కోరిక సన్నగిల్లుతుంది, నిద్రలేమి దానికి తోడవుతుంది. ఒకసారి నొప్పి పుట్టాక, మళ్లీ నొప్పి వస్తుందన్న భయానికే కండరాలు బిగుసుకుని, ఆ బిగువు వల్లనే నొప్పి ఇంకా పెరుగుతుంది. మందుల షాపులో చీటీ లేకుండానే దొరికే, నీటితో తయారైన జెల్ వాడమన్నారు. కొబ్బరినూనె వంటివి కండోమ్‌ను బలహీనపరుస్తాయి కాబట్టి రెండూ కలిపి వాడవద్దన్నారు. ముట్టు రాకముందే అండం విడుదల కావచ్చునని, అందువల్ల ముట్టు రాలేదు గదా అని ధీమాగా ఉండకూడదని కూడా అప్పుడే తెలిసింది. గర్భం రాకుండా వాడే కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

ఆ రాత్రి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నొప్పిగా ఉందని ఒక్కసారైనా చెప్పి ఉంటే ఆగేవాణ్ణి గదా" అన్నారు. "మీరు అడిగి ఉంటే చెప్పేదాన్ని" అన్నాను. అప్పటి నుంచి ఆయన అడగడం, నేను దాచకుండా చెప్పడం అలవాటైంది. కొన్ని వారాలపాటు చేయి పట్టుకుని పడుకోవడం, వీపు నిమరడం తప్ప ఇంకేమీ ఉండదని ముందే అనుకున్నాం. స్పర్శ వెనుక బలవంతం లేదని శరీరానికి నమ్మకం కుదిరాకే నా భయం తగ్గింది. ఈ నమ్మకం మందులతో రాదు, తొందర పనికిరాదు.

భర్త అడిగితే కాదనకూడదని మన ఇళ్లలో చాలామంది పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో భర్తను అత్యాచార నేరం నుంచి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా మినహాయిస్తోంది. అయినా సరే, అంగీకారం లేని కలయికను ఆరోగ్యకరమైన దాంపత్యమని నేను అనలేను. వద్దన్నప్పుడు అలగడం, మాట మానేయడం కూడా ఒత్తిడే.

మీరు ఈ విషయం పడక మీద కాకుండా, పగటిపూట బిడ్డ నిద్రపోయినప్పుడు ఆయనతో మాట్లాడండి. ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒక డాక్టరు తేలిగ్గా కొట్టిపారేస్తే మరొకరి దగ్గరకు వెళ్లండి. దిగులు, ఏడుపు, బిడ్డ మీద కూడా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి; తెలుగులోనే మాట్లాడతారు.