చమురు, విద్యుత్తు రంగాలకు నిర్మాణ పనులు చేసే ఎల్ అండ్ టీ వంటి సంస్థ అంత పెద్దది ఎలా అయింది? కొత్త సంస్థలు అలా ఎదగగలవా?

ప్రశ్న వేసినవారు ఆర్డర్ బుక్ అంకె చూసి ఆశ్చర్యపడినట్టున్నారు. 2025 మార్చి చివరికి ఎల్ అండ్ టీ చేతిలో 5.79 లక్షల కోట్ల రూపాయల పనులున్న మాట నిజమే. అయితే ఆర్డర్ బుక్ అంటే మోయడానికి ఒప్పుకున్న బరువు మాత్రమేనని, మోయగలరో లేదో నెల మొదటి వారంలో వెల్డర్ల జీతాల దగ్గర తేలిపోతుందని నా గట్టి నమ్మకం. నేను ఆ సంస్థ ఉద్యోగిని కాను. ఇరవై ఆరేళ్ళుగా రిఫైనరీలలో, విద్యుత్ కేంద్రాలలో పైపింగ్ పనులు చూస్తూ, పెద్దాచిన్నా కలిపి ఆరు కంపెనీల ఉప్పు తిన్నవాణ్ణి.

ఎల్ అండ్ టీ ఆర్డర్ల వెంట పరుగెత్తి పుట్టిన సంస్థ కాదు. సిమెంటు యంత్రాల కంపెనీ తరఫున మన దేశానికి వచ్చిన హోల్క్-లార్సెన్, టూబ్రో అనే ఇద్దరు డేనిష్ ఇంజనీర్లు 1938లో బొంబాయిలో భాగస్వామ్యం మొదలుపెట్టినప్పుడు, వారి ఆఫీసు గది ఒకేసారి ఇద్దరూ కూర్చోలేనంత చిన్నదట. డెన్మార్క్ నుంచి పాల పరిశ్రమ యంత్రాలు తెప్పించి అమ్ముకునేవారు. 1940లో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించడంతో సరుకు ఆగిపోయింది. ఇక ఆ యంత్రాలను ఇక్కడే చేసుకోక తప్పలేదు. అదే యుద్ధం వల్ల టాటాల సోడా యాష్ కర్మాగారాన్ని బిగించవలసిన జర్మన్ ఇంజనీర్లు నిర్బంధంలోకి వెళ్ళగా, ఆ బిగింపు పని వీరి చేతికి వచ్చింది. నిర్మాణాల కోసం ఈసీసీ అనే సంస్థను పెట్టింది 1944లో. అమెరికా సైన్యం వాడి వదిలేసిన క్యాటర్‌పిల్లర్ యంత్రాలు చవకగా దొరుకుతున్నా ఇద్దరి దగ్గరా అంత డబ్బు లేకపోవడంతో, బయటి మూలధనం తెచ్చి 1946లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారారు. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. చేతిలో డబ్బు లేనప్పుడు ముందు డబ్బు సమకూర్చుకుని, ఆ తరువాతే బరువు ఎత్తుకున్నారు. మా రంగంలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

అలా తలకిందులు చేసిన ఒక కంపెనీలోనే నేను మూడేళ్ళు పనిచేశాను. పేరు అనవసరం. పశ్చిమ తీరంలో ఒక రిఫైనరీ విస్తరణ పనిలో మాది సబ్ కాంట్రాక్టు. రెండేళ్ళలో టర్నోవరు మూడింతలైందని మా యజమాని వార్షికోత్సవంలో స్లైడ్లు వేసి చూపించారు. అదే నెలలో సైటులో నూట ఎనభై మందికి జీతాలు రాలేదు. మరుసటి నెలా రాలేదు. ఆదివారం ఇచ్చే తిండి ఖర్చుల డబ్బు కూడా సగమే వచ్చింది.

అది ఫిబ్రవరి. సోమవారం ఉదయం పన్నెండు అంగుళాల లైనుకు హైడ్రోటెస్టు ఉంది. లైనంతా నీటితో నింపి, డిజైన్ ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి నిలబెట్టాలి. శనివారం సాయంత్రానికి ఒకే ఒక్క జాయింటు మిగిలింది. మా పని కొలత ఇంచ్ డయాలలో, అంటే అతికిన పైపు వ్యాసం ఎన్ని అంగుళాలో ఆ లెక్కలో ఉంటుంది. ఆ జాయింటు విలువ పన్నెండు ఇంచ్ డయాలు, అంతే. కాని అది కాకపోతే టెస్టు లేదు, టెస్టు లేకపోతే బిల్లు లేదు. దాని మీద కూర్చున్నది టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన వెల్డరు. రూటు, అంటే అడుగు పొర, ఆర్గాన్‌తో వేసి, గ్రైండింగు చేయించి, ఓవెన్‌లోంచి 7018 రకం వెల్డింగు రాడ్లు ఒక్కొక్కటే తీస్తూ క్యాప్ అనే పై పొర దాకా నింపాడు. రాత్రి తొమ్మిదిన్నరకు వైర్ బ్రష్‌తో స్లాగు దులిపి, పక్కన తన వెల్డరు నంబరు వేసి, హెల్మెట్టూ గ్లవ్సులూ నా టేబుల్ మీద పెట్టాడు. "జాయింటుకి ఢోకా లేదండి సారూ. మా జీతాలకి కూడా ఓ ఎక్స్‌రే తీయించండి, ఎక్కడ ఆగిపోనాయో తెలుస్తాది" అన్నాడు. తెల్లవారేసరికి ఇరవై ముగ్గురు వెల్డర్లు, వారి వెంట ఫిట్టర్లు రైలెక్కేశారు. వారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

యజమాని దొంగ కాదు. మా రంగంలో డబ్బు నడిచే తీరే అలాంటిది. పని మొత్తానికి ఒకే ధర కట్టి సంతకం చేస్తాము. మొదట కొంత అడ్వాన్సు వస్తుంది. ఆ తరువాత దశలవారీగా రన్నింగ్ బిల్లులు. ప్రతి బిల్లులోనూ అడ్వాన్సు రికవరీ పోను, రిటెన్షన్ పేరుతో, అంటే పనికి పూచీగా, మరికొంత ఆపుతారు. స్టీలు ధర పెరిగినా, డ్రాయింగులు ఆలస్యమైనా భారం మనదే. చేతిలో సొంత డబ్బు లేనివాడు కొత్త పని అడ్వాన్సుతో పాత పని జీతాలు ఇస్తాడు. ఆ కొత్త పనికి డబ్బు కావాలంటే ఇంకో పని పట్టాలి. బయటి నుంచి చూసేవారికి అదే ఎదుగుదలగా కనిపిస్తుంది, పత్రికలు కూడా అలాగే రాస్తాయి. షేరు ధర చూసి సంస్థ ఆరోగ్యం చెప్పే మా బంధువులకు ఈ మాట పదేళ్ళుగా చెబుతున్నాను, వినరు.

ఎల్ అండ్ టీ దగ్గర తేడా ఏమిటంటే, కష్టమైన పనిని తన గోడల మధ్యకు తెచ్చుకుంది. 1940ల చివరలో పొవాయిలో చిత్తడి, అడవిగా ఉన్న 55 ఎకరాలు కొన్నారు. తరువాత సూరత్ దగ్గర హజీరాలో సముద్రం ఒడ్డున భారీ కర్మాగారం పెట్టారు. రోడ్డు మీద కదలని రియాక్టర్లు అక్కడి నుంచి ఓడ ఎక్కుతాయి. ఫ్రాన్స్‌లోని ఈటర్ అనే అణు సంలీన ప్రయోగానికి 3,850 టన్నుల క్రయోస్టాట్ (రియాక్టరు చుట్టూ ఉండే భారీ ఉక్కు పాత్ర) భాగాలు తయారైంది అక్కడే. అంత మందం ప్లేటును వెల్డు చేయగల మనుషులను ఏళ్ళ తరబడి జీతమిచ్చి నిలబెట్టుకున్నప్పుడే అది సాధ్యం. ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు సైటు అనగానే ముఖం తిప్పుకోవడం గురించి ఇక్కడ ఒక పేజీ రాయగలను కాని, వద్దు.

ఇంకొకటి, వదులుకోవడం. సిమెంటు యంత్రాల పని మీద వచ్చినవారు స్థాపించిన సంస్థ, మన తాడిపత్రిలో కూడా సిమెంటు కర్మాగారం నడిపిన సంస్థ, 2004లో సిమెంటు వ్యాపారాన్నే విడదీసి ఇచ్చేసింది. ఇప్పుడది అల్ట్రాటెక్. మా యజమాని అయితే ఒక్క క్రేను కూడా అమ్మేవారు కాదు.

ఆ సోమవారం టెస్టు జరగలేదు. తొమ్మిది రోజుల తరువాత అరువు మనుషులతో చేశాము. ప్రెషర్ చార్టు మీద గీత గంటల తరబడి కదలలేదు, ఆ శనివారం జాయింటు చుక్క కారలేదు. కంపెనీ మరుసటి సంవత్సరం మూతపడింది. నాకు రావలసిన మూడు నెలల జీతంలో ఒక నెలది ఎనిమిదేళ్ళ తరువాత వచ్చింది, అదీ వాయిదాలలో.